టెంక నాటితే అదే మామిడి వస్తుందా? (ఇంకా డబ్బాడు గింజలున్నాయి, సాయం చేయండి)

మూడో అంతస్తు (మల్కాజ్‌గిరి) | జూన్ 4, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాసింది లేదు. మాది అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఓ మూల మొక్కలు పెట్టుకోనిస్తారు (సెక్రటరీ గారి మూడ్‌ని బట్టి). పోయిన వారం ఊరి నుంచి మామిడి పండ్లు వచ్చాయి. తిన్నాక టెంకలు పారేయబుద్ధి కాక, పద్నాలుగు టెంకలు పీచు పోయేదాకా రుద్ది కడిగి బాల్కనీలో చాటలో ఎండబెట్టాను. ఇంకెన్ని రోజులు ఎండాలి? కుండీ ఎంతది కావాలి? అన్నిటికన్నా ముఖ్యం, టెంక నాటితే అదే పండు వస్తుందా? మా ఆయన రాదంటారు, మా అత్తగారు ఎందుకు రాదంటారు, ఇద్దరూ నా వైపే చూస్తారు.

ఇంకోటి. మా అమ్మాయి ఆరో తరగతి, తిన్న ప్రతి పండు గింజా దాస్తోంది. ఫ్రిజ్ మీద పెరుగు డబ్బాల్లో ఇప్పుడు బొప్పాయి, నేరేడు, పనస, నిమ్మ, పోయిన దీపావళి నాటి సీతాఫలం, ఒక అవకాడో ఉన్నాయి. డబ్బాల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు, తేదీలు కూడా రాసింది. వీటిలో ఏది మొలుస్తుంది, ఏది కాస్తుంది, దేని మీద ఆశ వదులుకోవాలి?

మేడమీద మట్టి (సైనిక్‌పురి) | జూన్ 4, రాత్రి 11:15

అమ్మా, ముందు ఆ చాట ఇంట్లోకి తెచ్చేయండి, ఇప్పుడే. మిగతాది తర్వాత చదవండి.

మిరప గింజో బెండ గింజో అయితే ఎండబెట్టి సీసాలో పోసి వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. మామిడి, పనస, నేరేడు ఆ జాతి కాదు. వాటి గింజలో తడి పోతే ప్రాణమూ పోతుంది. పండు తిన్న వారంలోపే మట్టిలో పడాలి, నీడలో తడిగా ఉంచినా నాలుగైదు వారాలు దాటితే నమ్మకం లేదు. మీరు ఈ ఎండల్లో ఎన్ని రోజులు పెట్టారు?

రేపు పొద్దున్నే చేయాల్సింది: టెంక సన్నటి అంచు వైపు కొమ్మలు కత్తిరించే కత్తెరతో కొంచెం కత్తిరించి, నోరు తెరిచినట్టు విడదీసి లోపల జీడిని బయటికి తీయండి. లోపలి జీడికి దెబ్బ తగలకూడదు, మీ వేలికీ తగలకూడదు. జీడి తెల్లగానో లేత గోధుమ రంగుగానో, గట్టిగా ఉంటే మంచిది. ముడతలు పడి తేలిగ్గా ఉంటే పోయినట్టే. నల్లటి పొడి, బొక్క కనిపిస్తే టెంక పురుగు, పారేయండి. తీసిన జీడిని వీపు పైకి వచ్చేలా నిలబెట్టి, రెండు వేళ్ళ లోతు మట్టి కప్పండి. పెంకు తీయకుండా కూడా మొలుస్తుంది కానీ ఆలస్యం, పైగా మొలక పెంకులో ఇరుక్కుని వంకర తిరుగుతుంది.

మట్టి: ఎర్రమట్టి రెండు తట్టలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి, ఇసుక ఒకటి. మొదట్లో అర అడుగు లోతు కవరు చాలు.

సూటిగా (దిల్‌సుఖ్‌నగర్) | జూన్ 5, ఉదయం 7:02

అసలు ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. రాదు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు, ఏదో ఒక మామిడి వస్తుంది. అదీ ఆరేడేళ్ళకి, పదేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. అప్పటికి మీరు ఆ అపార్ట్‌మెంట్‌లో ఉంటారో లేదో. నర్సరీకి వెళ్ళి అంటు మొక్క తెచ్చుకుంటే మూడో ఏడు కాయ కోస్తారు. టెర్రస్ మీద టెంక మామిడి అంటే నీళ్ళు, జాగా, టైము మూడూ దండగ.

గింజల డబ్బా (నిజాంపేట) | జూన్ 5, ఉదయం 7:30

సూటిగా గారు వచ్చేశారు, ఇక ఎవరి ఆశలు వాళ్ళు జాగ్రత్త చేసుకోండి 😀

కడియం కుర్రాడు (మియాపూర్) | జూన్ 5, ఉదయం 9:48

సూటిగా అన్న చెప్పింది నిజమే కానీ సగమే. మాది కడియం, ఇంట్లో నర్సరీ, నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. మామిడిలో రెండు రకాల టెంకలున్నాయి. మన బంగినపల్లి, దశేరి, హిమాయత్, రసాలు, వీటన్నిటి టెంకలో ఉండేది ఒక్కటే పిండం. అది పూత మీద ఈగలు తిరిగితే ఏర్పడ్డ పిండం, అంటే తల్లి ఒకటి, తండ్రి ఏ పక్క తోటలో చెట్టో. పిల్ల తల్లిలా ఉండాలని రూలు లేదు కదా. రెండో రకం, కేరళ, కొంకణ తీరంలో ఉండే ఓలూరు, బప్పకాయి లాంటివి, ఇంకా థాయ్‌లాండ్ వైపు రకాలు చాలా. వాటి ఒక్క టెంకలోంచి మూడు నాలుగు మొలకలు లేస్తాయి. వాటిలో ఎక్కువ శాతం తల్లి కణాల నుంచే పుట్టినవి, కాబట్టి అచ్చంగా తల్లి చెట్టే.

అక్కా, మీ జీడి తీసినప్పుడు చూడండి. రెండు బద్దలుగా నిండుగా ఒకే ముక్క ఉంటే మొదటి రకం, నాలుగైదు ముక్కలు అతుక్కున్నట్టుంటే రెండోది. మన వైపు పండు అంటే నూటికి తొంభై పాళ్ళు మొదటిదే.

నిమ్మ మాత్రం రెండో రకమే. ఒక గింజలోంచి రెండు మూడు మొలకలు రావడం మామూలు, సన్నగా బలహీనంగా ఉన్నది తీసేసి గట్టిది ఉంచితే అదే నిమ్మకాయ వస్తుంది. నాలుగైదేళ్ళు పడుతుంది, ముళ్ళు భయంకరంగా ఉంటాయి. ఆకుల మీద పిట్ట రెట్టలాంటిది కనిపిస్తే రెట్ట అనుకుని వదిలేయకండి, సీతాకోకచిలుక పిల్ల అది. పెద్దయ్యాక పచ్చగా మారి రెండు రోజుల్లో మొక్క మొత్తం నమిలేస్తుంది. మీ అమ్మాయి ఉంది కాబట్టి చంపొద్దు, కరివేపాకు చెట్టు మీదికి మార్చండి, అక్కడా తింటుంది.

బొప్పాయి బాబాయ్ (ఘట్‌కేసర్) | జూన్ 5, మధ్యాహ్నం 1:20

బొప్పాయి గురించి ఎవరూ మాట్లాడకపోతే నాకు అన్నం అరగదు. గింజ నుంచి పెంచాల్సిన చెట్టంటూ ఉంటే అది బొప్పాయే, దానికి అంటూ గింటూ అక్కర్లేదు, తొమ్మిది పది నెలల్లో పండు.

కానీ ఆ డబ్బాలో గింజలు ఎలా ఉన్నాయి? చుట్టూ జారే పొర ఉన్నవి అలాగే పెట్టారా? ఆ పొరలోనే మొలకని ఆపే గుణం ఉంటుంది. టీ వడపోత జల్లెడలో వేసి కుళాయి కింద బొటనవేలితో రుద్దితే పుట్ పుట్ మని పొర చిట్లి లోపల నల్లటి గరుకు గింజ బయటపడుతుంది. నీళ్ళలో తేలినవి తీసేసి, మునిగినవి కాగితం మీద నీడలో ఆరబెట్టండి. మొలవడానికి రెండు మూడు వారాలు. మొలిచాక నీళ్ళు ఎక్కువ పోస్తే కాండం మట్టి దగ్గర దారంలా సన్నబడి పడిపోతుంది, మొదటి ఏడాది నాకు ముప్ఫై మొక్కలు రాత్రికి రాత్రి అలా వాలిపోయాయి.

అసలు చిక్కు ఆడ మగ. నాటు బొప్పాయి గింజ వేస్తే సగం మగవి రావచ్చు. అది తెలిసేది పూత వచ్చాక, నాలుగైదు నెలలకి. పూలు పొడుగు కాడలకి గుత్తులుగా వేలాడితే మగది, కాండానికి అంటుకుని ఒకటో రెండో పూస్తే ఆడది లేదా రెండూ కలిసినది. నేను ప్లాటు చుట్టూ పదకొండు పెట్టాను. ఏడు మగవి. మా పక్కింటాయన రోజూ గోడ మీంచి చూసి ‘ఏం బాబాయ్, పూలమ్ముకుంటావా’ అనేవాడు. మగది ఒకటి ఉంచి మిగతావి కొట్టేశాను.

బజార్లో దొరికే రెడ్ లేడీ పండు గింజలైతే ఆ బాధ తక్కువ. ఆ హైబ్రిడ్‌లో మగ చెట్లుండవు, కాబట్టి దాని గింజల్లో (దగ్గర్లో మగ చెట్టు పుప్పొడి పడకపోతే) సుమారు మూడింట రెండు వంతులు రెండూ కలిసిన చెట్లు, ఒక వంతు ఆడవి వస్తాయి. పండు తల్లంత ఒకేలా ఉండదు, కానీ తినేలాగే ఉంటుంది. కవరుకి మూడు గింజలు వేయండి. టెర్రస్ మీదైతే కనీసం ఒకటిన్నర అడుగు లోతు డ్రమ్ము, అడుగున బెజ్జాలు ధారాళంగా. వేరు దగ్గర నీళ్ళు ఒక్క రోజు నిలిచినా బొప్పాయి అలిగి చచ్చిపోతుంది. ఆకులు ముడుచుకుని పసుపు మచ్చలు, కాయ మీద ఉంగరాల్లాంటి గుర్తులు వస్తే వైరస్. పేనుబంక మోసుకొస్తుంది, మందు లేదు, పీకేయడమే.

పాలమూరు పోరి (ఉప్పల్) | జూన్ 5, సాయంత్రం 6:55

సీతాఫలం సంగతి నేను చెప్తా, మా దిక్కు పంట అది. బాలానగర్ సీతాఫలం అని పుస్తకాల్లో కూడా ఉంటది కదా, ఆ బాలానగర్ మాదే, మహబూబ్‌నగర్ జిల్లాది, ఇక్కడ కూకట్‌పల్లి పక్కన బాలానగర్ కాదు. ఇది చెప్పి చెప్పి అలసిపోయిన.

దీపావళి గింజలైనా ఏం కాదు, సీతాఫలం గింజ పెంకు గట్టిది, ఎండినా బతుకుతది. రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి వేయండి. ఇక మర్చిపోండి. నెల దాకా ఏం కనబడదు, నలభై రోజులకి కూడా వస్తది. నేను చచ్చిపోయినయనుకుని ఆ కుండీలో కొత్తిమీర చల్లితే కొత్తిమీర మధ్యలోంచి లేచినయి. తల్లి పండుకి కొంచెం అటూ ఇటూ అయినా చాలా వరకు అదే తీరు వస్తది, మూడు నాలుగేళ్ళకి కాపు. మన ఎండకి, రాళ్ళ భూమికి ఇంత ఓర్చే చెట్టు లేదు.

ఒక్క కష్టం ఉంది. పూలు మస్తు పూస్తయి, కాయ నిలవదు. ఆ పువ్వులో ఆడ భాగం ముందు సిద్ధమైతది, పుప్పొడి తర్వాత రాలుతది. రెండూ ఒక్కసారి కలవవు. తోటలో పురుగులు చూసుకుంటయి, టెర్రస్ మీద మనమే చూసుకోవాలె. పొద్దున్నే రెక్కలు పూర్తిగా విచ్చుకున్న పూల కింద సీసా మూత పెట్టి వేలితో తడితే పుప్పొడి రాలుతది. సన్న బ్రష్ దాంట్లో అద్ది, అప్పుడే కొంచెం నోరు తెరిచిన పువ్వు లోపల మెల్లగా తిప్పాలె. పోయిన ఏడాది పన్నెండు పూలకి చేస్తే ఏడు కాయలు నిలిచినయి. చేయనియ్యన్నీ రాలిపోయినయి.

పాపకి చెప్పండి, ఆ గింజలు నలగ్గొట్టి చేతులతో కళ్ళు నలుపుకోవద్దని. ఊళ్ళో పేలకి నూరి పెడతరు, కంట్లో పడితే ఆస్పత్రే.

గింజల డబ్బా (నిజాంపేట) | జూన్ 5, రాత్రి 9:10

అవకాడో, పనస గురించి నేను చేసిన పాపాల చరిత్ర చెప్తాను, వినండి. 2019లో కేరళ వెళ్ళినప్పుడు రంబూటాన్ తిని తొమ్మిది గింజలు తడి గుడ్డలో చుట్టుకుని తెచ్చాను. ఆరు మొలిచాయి. డిసెంబరు దాకా ఇంట్లో అందరికీ చూపించుకున్నాను. ఫిబ్రవరిలో ఆకు కొసలు ఎండాయి, ఏప్రిల్లో సగం ఆకు, మేలో పుల్ల. మాంగోస్టీన్ ఇంకా విచిత్రం. దాని గింజ అసలు పుప్పొడి అవసరం లేకుండా తల్లి నుంచే పుడుతుంది, కాబట్టి నాటితే అదే పండు, ఏ సందేహం లేదు. కాకపోతే ఏడాదికి నాలుగు ఆకులు వేసి కూర్చుంది. వాటికి కావాల్సింది గాల్లో తడి. మనకి మేలో 42 డిగ్రీలు, వడగాలి. షేడ్ నెట్ కట్టినా ఆ గాలిని తేమగా ఎవరు మారుస్తారు?

అవకాడో మొలుస్తుంది, అందులో కష్టమే లేదు. వెడల్పు అడుగు భాగం కిందికి పెట్టి సగం మట్టిలో, సగం బయట. పుల్లలు గుచ్చి గ్లాసు నీళ్ళలో పెట్టినా వేరు వస్తుంది, పాపకి అదే బాగుంటుంది, రోజూ కనిపిస్తుంది కాబట్టి. నాది నాలుగో ఏడు, ఆరడుగులుంది, పూత లేదు. ఆకు అంచులు గోధుమ రంగులో కాలిపోతుంటే ఏదో తెగులనుకుని నానా మందులూ కొట్టాను. చివరికి చూస్తే మా బోరు నీళ్ళ ఉప్పు. వాన నీళ్ళు పట్టి పోయడం మొదలుపెట్టాక కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. కాయ మీద ఆశతో పెట్టొద్దు, ఆకు అందంగా ఉంటుంది.

పనస మొలక చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ తల్లివేరు నిటారుగా దిగిపోతుంది, కుండీ అడుగు తగిలి చుట్టలు చుట్టుకుంటుంది. నేలలో పెట్టే చోటుంటేనే, అదీ మొక్క చిన్నగా ఉన్నప్పుడే.

మేడమీద మట్టి (సైనిక్‌పురి) | జూన్ 6, ఉదయం 6:20

నేరేడు వదిలేశారు అందరూ. తాజా గింజ పదిహేను రోజుల్లోపు వేయాలి. మొలుస్తుంది, కానీ కాపుకి ఎనిమిది పదేళ్ళు, చెట్టు మూడంతస్తులు. మీ కాలనీలో పార్కు ఉంటే అక్కడ నాటించండి. మల్కాజ్‌గిరి టెర్రస్ మీద మాత్రం వద్దు, సెక్రటరీ గారి మూడ్ ఏ రకంగానూ సరిపోదు.

మూడో అంతస్తు (మల్కాజ్‌గిరి) | జూన్ 22, రాత్రి 11:30

ఆలస్యంగా రాస్తున్నాను, స్కూళ్ళు తెరిచారు. ఎండలో ఐదు రోజులు పెట్టాను సార్, ఒప్పుకుంటున్నాను. పద్నాలుగులో మూడింటికి పురుగు, రెండు ఎండి చింతగింజల్లా అయ్యాయి, తొమ్మిది వేశాం. నిన్నటికి నాలుగు లేచాయి. లేత ఆకులు రాగి చెంబు రంగులో వేలాడుతున్నాయి, మా అమ్మాయి వాటిని ముట్టుకోనివ్వట్లేదు. జీడి అన్నిట్లో ఒకే ముక్క ఉంది కుర్రాడు గారూ, కాబట్టి జవాబు అర్థమైంది.

అసలు సంగతి మొదట రాయలేదు. ఈ పండ్లు కొన్నవి కాదు. జనగామ దగ్గర మా ఊళ్ళో మోటబావి పక్కన ఉన్న చెట్టువి. దాన్ని ఎవరూ నాటలేదు, బావి దగ్గర పని చేసేవాళ్ళు తిని పారేసిన టెంక మొలిచిందంటారు మా బాపు. పండు పిడికెడంత, పీచు, కోసుకుని తినడానికి పనికిరాదు. పిసికి, ముచిక తీసి నోట్లో పెట్టుకుంటే సోంపు వాసన. అందుకే మా ఇంట్లో దాన్ని సోంపు చెట్టు అంటాం. ఆ పొలం అమ్మేశారు. పంపకాల్లో పెదనాన్న వాళ్ళ వైపు వెళ్ళింది, మేం అనడానికేం లేదు. కొన్నవాళ్ళు వెంచర్ వేస్తారట, ప్లాట్లు గీసేశారు, చెట్టు రోడ్డులో పడింది. టెంకల నుంచి అదే వస్తే బాగుండుననుకున్నాను.

సూటిగా (దిల్‌సుఖ్‌నగర్) | జూన్ 22, రాత్రి 11:41

చెట్టు ఇంకా ఉందా? కొట్టేశారా?

మూడో అంతస్తు (మల్కాజ్‌గిరి) | జూన్ 22, రాత్రి 11:44

ఉంది. ఆషాఢంలో పని మొదలుపెట్టరట, శ్రావణంలో భూమిపూజ.

కడియం కుర్రాడు (మియాపూర్) | జూన్ 23, ఉదయం 8:05

అయితే టెన్షన్ పడకండి అక్కా, చెట్టు నిలబడి ఉన్నంత వరకు దారి ఉంది. టెంక నుంచి రాదు, పుల్ల నుంచి వస్తుంది. దాని కొమ్మ తెచ్చి మీ దగ్గర మొలిచిన మొక్కల మీదే అంటు కట్టొచ్చు. వేరు ఏ మామిడిదైనా పర్లేదు, కాయ మాత్రం పైన కట్టిన కొమ్మదే. నర్సరీల్లో చేసేదీ అదే. జూలై, ఆగస్టు దీనికి సరైన కాలం, గాల్లో తడి ఉంటుంది. టెంక మొక్క రెండు మూడు వారాల వయసులో, కాండం లేతగా ఉన్నప్పుడే కడితే బాగా పడుతుంది. మీవి అచ్చంగా ఆ టైముకి వస్తున్నాయి.

ఇప్పుడు ఊళ్ళో ఎవరైనా ఉన్నారా? చెట్టుకి ఎండ తగిలే వైపు, ఈ ఏడాది కాయని, మూడు నాలుగు నెలల వయసు రెమ్మలు చూడమనండి. పెన్సిల్ అంత లావు. కొసన మొగ్గ ఉబ్బి, ఇంకా విచ్చుకోనివి. వాటి ఆకులు కోసేయాలి, తొడిమె మాత్రం ఉంచాలి. పది రోజులకి ఆ తొడిమెలు వాటంతటవే రాలి, మొగ్గ నిండుగా అవుతుంది. అప్పుడు జానెడు పొడుగున కోసి, తడి గోనెగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి తీసుకురావాలి. నీళ్ళలో ముంచొద్దు. రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

నేను ఆదివారం వచ్చి కడతాను. నాన్న ఫోన్లో ఉంటారు, నా చేయి మీద నాకంత నమ్మకం లేదు.

సూటిగా (దిల్‌సుఖ్‌నగర్) | జూన్ 23, ఉదయం 8:30

కొమ్మలు ఎక్కువే తెండి. మా మామగారికి ఇబ్రహీంపట్నం దగ్గర ఎకరం తోట ఉంది, అందులో ఎందుకూ పనికిరాని ఒక పుల్లమామిడి చెట్టుంది. పోయిన ఏడాది కొమ్మలు నరికితే కొత్త చిగుళ్ళు లేచాయి, వాటికి కట్టిస్తాను. మీ టెర్రస్ మీద అన్నీ పెట్టుకుంటే ఒక్క మే నెల చాలు పోవడానికి. రెండు చోట్ల ఉండాలి.

టైము దండగ అన్నమాట ఆ చెట్టు గురించి తెలియక అన్నాను.

గింజల డబ్బా (నిజాంపేట) | జూన్ 23, ఉదయం 8:33

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

మూడో అంతస్తు (మల్కాజ్‌గిరి) | జూలై 14, సాయంత్రం 5:15

అప్‌డేట్. ఊళ్ళో మా చిన్నాయన ఆకులు కోసిపెట్టారు. ‘ఆకులు కోయమంటే కోసిన, ఎందుకో అడగలే’ అన్నారు ఫోన్లో. మొన్న శనివారం బాపు, నేను వెళ్ళి పదహారు పుల్లలు తెచ్చాం. ఈ వచ్చే ఆదివారం మా ఏరియాలో బోనాలు, దారులు కట్టేస్తారు, అందుకే ముందే వెళ్ళాం. చిన్నాయనే చెట్టెక్కారు. బాపు కింద నిలబడి ‘గది కాదు, పక్క కొమ్మ’ అంటూనే ఉన్నారు, ఆ పుల్లలకి ఈ పుల్లలకి తేడా ఏమిటో నాకు తెలియదు.

నిన్న కడియం కుర్రాడు గారు వచ్చారు (ఇరవై నాలుగేళ్ళ అబ్బాయి, మా అమ్మాయి ‘అంకుల్’ అనేసరికి మొహం మాడింది). మొక్కలు ఏడు ఉన్నాయి, ఒకటి మరీ సన్నం, ఆరింటికి కట్టారు. చూసింది చూసినట్టు రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కొత్త బ్లేడు స్పిరిట్‌తో తుడిచారు. మొక్క తల జానెడు కింద కోసి, కాండం మధ్యలో నిలువునా రెండు వేళ్ళ లోతు చీల్చారు. పుల్ల కింది కొసని రెండు వైపులా చెక్కి ఉలి మొనలా చేశారు, ఒక్కో వైపు ఒక్కటే కోత, మళ్ళీ మళ్ళీ చెక్కితే పనికిరాదట. చీలికలో దాన్ని దించి, కనీసం ఒక పక్కనైనా బెరడూ బెరడూ కలిసేలా జరిపి, ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి బిగించి చుట్టారు. పైన పుల్ల మొత్తానికి ఐస్ పాకెట్ల కవరు తొడిగి ముడి. సొన కారుతుంటే తుడుస్తూ చేశారు, మొదటి రెండు పుల్లలు పాడైపోయాయి, ఫోన్లో వాళ్ళ నాన్నగారు ‘ఉల్లిపాయ తరుగుతున్నావా’ అని తిట్టారు. మిగతా ఎనిమిది సూటిగా గారు వచ్చి తీసుకెళ్ళారు. టీ కూడా తాగలేదు.

కుండీలు మెట్ల పక్కన నీడలో పెట్టాం. కవరు ఎప్పుడు తీయాలి?

కడియం కుర్రాడు (మియాపూర్) | జూలై 14, సాయంత్రం 6:00

లోపల చిగురు విచ్చుకుని ఆకు కవరుకి తగిలేదాకా ముట్టొద్దు, రెండు మూడు వారాలు. ముందు కొస కత్తిరించి రెండు రోజులు గాలి ఆడనిచ్చి, తర్వాత తీయండి. అతుకు కింద మొక్క నుంచి ఏ చిగురు వచ్చినా గిల్లేయండి, అది టెంకది. పట్టీ మాత్రం రెండు మూడు నెలలు ఉండాలి. ఉల్లిపాయ సంగతి ఇక్కడ రాయాల్సింది కాదు.

బొప్పాయి బాబాయ్ (ఘట్‌కేసర్) | జూలై 15, ఉదయం 10:12

బొప్పాయి ఏమైందమ్మా?

మూడో అంతస్తు (మల్కాజ్‌గిరి) | జూలై 15, ఉదయం 10:40

పదిహేడు మొలిచాయి బాబాయ్, జల్లెడ పద్ధతే. రెండు డ్రముల్లో మూడేసి ఉంచి మిగతావి వాచ్‌మన్‌కి, స్కూల్‌కి ఇచ్చాం. నేరేడు గింజ ఒక్కదాన్లోంచి రెండు మొలకలు వచ్చాయి, అదీ నిమ్మలాంటిదేనా? సీతాఫలం ఇంకా ఏం లేదు.

పాలమూరు పోరి (ఉప్పల్) | జూలై 15, ఉదయం 11:05

కొత్తిమీర చల్లండి 😄

కడియం కుర్రాడు (మియాపూర్) | జూలై 15, మధ్యాహ్నం 2:30

అవును, నేరేడులో కూడా ఒక గింజలో ఒకటికన్నా ఎక్కువ పిండాలుంటాయి.

మూడో అంతస్తు (మల్కాజ్‌గిరి) | ఆగస్టు 9, రాత్రి 9:50

ఆరులో మూడు చిగిర్చాయి. ఒకటి నల్లబడి పోయింది. రెండు పచ్చగానే ఉన్నాయి కానీ కదలిక లేదు. చిగిర్చినవాటిలో ఒకదాని కవరు మా అత్తగారు ‘ఊపిరాడక చస్తుంది పాపం’ అని నాలుగు రోజుల ముందే తీసేశారు, మధ్యాహ్నానికి వాడిపోయింది. మళ్ళీ కవరు తొడిగి పెట్టాను, లేవలేదు. సో, రెండు.

చెట్టు పోయిన శుక్రవారం కొట్టేశారు. చిన్నాయన చెప్పారు. బాపుకి ఇంకా చెప్పలేదు.

మేడమీద మట్టి (సైనిక్‌పురి) | ఆగస్టు 9, రాత్రి 10:05

చెప్పేటప్పుడు ఆ రెండు కుండీలు ముందు పెట్టి చెప్పండి అమ్మా. పచ్చగా ఉన్న రెండింటినీ పారేయొద్దు, నాకు ఒకసారి ఏడో వారంలో చిగురు వచ్చింది.

సూటిగా (దిల్‌సుఖ్‌నగర్) | ఆగస్టు 9, రాత్రి 10:20

ఇబ్రహీంపట్నంలో ఎనిమిదికి ఐదు పట్టాయి. పెద్ద చెట్టు వేరు కాబట్టి జోరు మీదున్నాయి, ఒకటి అప్పుడే అరడుగు. కాపు కూడా మీ కుండీల కన్నా ముందే వస్తుంది. ఫోటోలు మా బావమరిది తీశాడు, వేలు అడ్డం పడింది, రేపు మళ్ళీ పెడతాను. మీ నాన్నగారిని ఓ ఆదివారం తీసుకురండి, ఎల్బీ నగర్ నుంచి నేను ఎక్కించుకెళ్తాను.

మీ కుండీల విషయం: ఎండాకాలానికి ముందు వంద లీటర్ల డ్రమ్ములోకి మార్చండి. మట్టి తడిస్తే నూట యాభై కిలోలు కూడా దాటొచ్చు, స్లాబు మధ్యలో పెట్టకండి, కింద దూలం ఉన్న చోట పెట్టండి. మొదటి రెండేళ్ళు పూత వస్తే తుంచేయాలి. మనసు రాదు, అయినా తుంచేయాలి.

మూడో అంతస్తు (మల్కాజ్‌గిరి) | సెప్టెంబరు 3, సాయంత్రం 7:25

మట్టి సార్, మీరన్నట్టే ఒకటి ఏడో వారంలో చిగిర్చింది! మొత్తం మూడు. లేత ఆకు చిదిమి వాసన చూశారు బాపు. ఆకుకి సోంపు వాసన రాలేదు, అయినా రెండుసార్లు చూశారు. ఇబ్రహీంపట్నం ఈ ఆదివారం వెళ్తున్నాం.

సీతాఫలం మూడు లేచాయి, కొత్తిమీర లేకుండానే.

గింజల డబ్బా (నిజాంపేట) | సెప్టెంబరు 3, రాత్రి 8:02

అంటు కట్టని ఆ సన్న మొక్క ఏం చేశారు?

మూడో అంతస్తు (మల్కాజ్‌గిరి) | సెప్టెంబరు 3, రాత్రి 8:15

అది మా అమ్మాయిది. దానికి ఏం కాయ కాస్తుందో చూడాలట, ఎవరూ కోయకూడదట. కుండీ మీద స్కెచ్ పెన్నుతో ‘తెలియదు’ అని రాసింది.

కొత్తసభ్యుడు 2 (బోడుప్పల్) | సెప్టెంబరు 4, ఉదయం 11:47

హాయ్ ఫ్రెండ్స్, బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే వస్తుందా? బాల్కనీలో అవకాడో కాస్తుందా? ప్లీజ్ రిప్లై.

సూటిగా (దిల్‌సుఖ్‌నగర్) | సెప్టెంబరు 4, ఉదయం 11:49

రాదు. కాయదు. మొదటి నుంచి చదవండి.